మాటాడకున్న మాసిపోవునా?

కులమును గూర్చి మాటాడుటవలననే కులము పెరుగుచున్నదనియు, దాని మానాన దానిని విడిచినచో చదువు వ్యాపించినకొలదిని, పట్టణములు పెరిగినకొలదిని, తరములు మారినకొలదిని అది తనంతట తానే మాసిపోవుననియు ఒక అభిప్రాయము మన విద్యావంతులలో గట్టిగా పాతుకొనియున్నది. దీనిని నేను పెండ్లిపందిళ్ళలో వింటిని, రైలుపెట్టెలలో వింటిని, పత్రికలకు పాఠకులు వ్రాయు లేఖలలో చదివితిని. మూడేండ్లుగా డిగ్రీ చదువుచున్న కళాశాలలో, నేను మిక్కిలి గౌరవించు అధ్యాపకుల నోటనే పలుమార్లు వింటిని. ఈ మాట చెప్పువారిలో పెక్కుమంది దుర్మార్గులు గారు. ఎవరిమీదను చేయి యెత్తి యెరుగనివారు, దానధర్మములు చేయువారు, పిల్లల స్నేహితుడు ఏ కులమువాడైనను ఇంటికి వచ్చినచో అన్నము పెట్టువారు. అందువలననే దీనిని ఖండింపవలసిన యగత్యము కలిగినది. క్రూరుని మాటను లోకము క్రూరునిదిగానే గుర్తించి జాగ్రత్తపడును. సౌమ్యుని నోట వెలువడిన తప్పుడు మాట వివేకమను పేర చెలామణియగుచు, తండ్రి నుండి కొడుకునకు ఆస్తితోబాటు సంక్రమించును.

నేనెవరినో ముందుగా చెప్పుకొనుట ధర్మము. కృష్ణా పశ్చిమ డెల్టాలో, కాలువగట్టు నానుకొనియున్న ఒక వరిపొలముల గ్రామమున, భూవసతి గల కుటుంబములో పుట్టితిని. మాది నడివీధి యిల్లు. కనుక ఈ విషయమున నేను పడిన బాధ యేదియు లేదు. చూచినదియు, తెలిసియు తెలియకయు చేసినదియు మాత్రమే కలదు. బాధపడినవారు ఈ సంగతిని నాకంటె నూరురెట్లు బాగుగా చెప్పగలరు, చెప్పియున్నారు. అయితే మౌనముగా నుండుమను ఉపదేశము మా వైపునుండి వెలువడుచున్నది గనుక, దానికి సమాధానము మా వైపునుండియు రావలెనని నా తలంపు.

గత సంవత్సరము మా కళాశాలలో వక్తృత్వపు పోటీ జరిగినది. సాంఘిక సంక్షేమ వసతిగృహములో ఉండి చదువుకొనుచున్న నా స్నేహితుడొకడు, స్వాతంత్ర్యానంతర గ్రామమును గూర్చి మాటాడుచు, రామాలయపు మెట్లయెదుట తన తల్లి నేటికిని ఆగిపోవు చోటును, అక్కడ ఆమె చెప్పులు విడుచు రాతిని, ఆ రాతికిని గర్భగుడికిని నడుమనున్న అడుగుల లెక్కను చెప్పెను. సభ నిశ్శబ్దమయ్యెను. అధ్యక్షత వహించిన పెద్దలు చివర లేచి, ఎంతయో వాత్సల్యముతో, "బాగా మాట్లాడావు నాయనా. కాని ఈ పుండును కెలికేకొద్దీ మానదు. వదిలెయ్యండి, మీ తరానికి అదే పోతుంది" అనిరి. అందరును చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లలో నావియు ఉన్నవి. ఆ రాత్రి వసతిగృహపు మేడమెట్లమీద కూర్చున్నప్పుడు నా స్నేహితుడు కోపముగా గాక, అలసటతో, "మీకు గుర్తుచేసుకోవాల్సిన పని లేదురా. మాకు మర్చిపోయే వీల్లేదు" అనెను. అప్పుడు నేను బదులు చెప్పలేకపోతిని.

మాటాడకుండుమని చెప్పువారిని నేనడుగునది ఇది: మన ఊళ్ళు కులమును గూర్చి ఎన్నడైనను మౌనముగా నున్నవా?

మా యింట నలువదేండ్లు పాలేరుతనము చేసిన వృద్ధులొకరు కలరు. నాకు ఏడేండ్లు ఉన్నప్పుడు వారికి అరువది. నేను వారిని పేరుపెట్టి, 'ఒరే' యని పిలిచెడివాడను. వారు నన్ను 'అబ్బాయిగారూ' యని, 'మీరు' అని పలికెడివారు. ఈ వ్యాకరణమును నాకెవరును కూర్చుండబెట్టి నేర్పలేదు; పలకమీద అఆలు దిద్దకమునుపే నాలుకకు వచ్చినది. మా నాయనమ్మ మాటమర్యాద విషయమున కడు నిష్ఠగలది. రెండేండ్లు పెద్దవాడైన మా పెదనాన్న కొడుకును 'అన్నయ్యా' అనకుండ పేరుపెట్టి పిలిచితినని ఒకమారు నన్ను గుంజకు ఆనించి నిలువబెట్టినది. వీధిలో పోవు ముసలి భిక్షుకుని సహితము 'తాతా' అనవలెనని చెప్పెడిది. అట్టి మనిషి, మనుమడు అరువదేండ్ల వృద్ధుని 'ఒరే' అనుచుండగా విని, ఒక్కనాడును వలదనలేదు. ఆమె చెవికి అందులో తప్పు వినబడలేదు. మాటకు మర్యాద కావలెనని తెలిసిన చెవి, ఒకచోట మాత్రము ఆ సంగతి మరచిపోవునట్లు చేసినది ఏది?

పెరటి వసారా చూరులో, తాటాకునకును వాసమునకును నడుమ, అంచు సొట్టపడిన సత్తుగ్లాసు ఒకటి దోపియుండెడిది. మధ్యాహ్నమున ఆ వృద్ధులు పొలమునుండి వచ్చి, దానిని తామే తీసి, తామే కడిగికొని, రెండు చేతులతో పట్టుకొని కొంచెము వంగి నిలిచెడివారు. మా నాయనమ్మ ఇత్తడి చెంబుతో ఎత్తునుండి మజ్జిగ పోసెడిది. ఆ ధార యెంత పొడవుండెడిదో నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. చెంబు గ్లాసునకు తగులకుండునంత, ఆమె నీడ ఆయన చేతులమీద పడకుండునంత. ఒక్క చుక్కయు నేల రాలెడిది కాదు. అంత గురి ఒకనాట వచ్చునది గాదు. వందల యేండ్లు అభ్యాసము చేసిన చేతికి గాని అలవడదు. తాగిన తరువాత ఆయన గ్లాసును మరల కడిగి, చూరులో దోపి, తువ్వాలుతో మూతి తుడుచుకొని వెళ్ళిపోయెడివారు. ఇంతలో ఎవరును ఎవరిని తిట్టలేదు. కులమను శబ్దమును ఎవరును ఉచ్చరింపలేదు. మౌనవాదుల లెక్కప్రకారము అది కులము మాసిపోవుచున్న యిల్లు.

ఇట్లే ఊరంతయు పలుకుచుండును. ఊరిబయటి పల్లెలోనివారు మా వీధివైపు వచ్చునపుడు 'ఊళ్ళోకి పోతన్నాం' అందురు. తాతముత్తాతల నుండి పుట్టిపెరిగిన ఊరు తమది గాదను సంగతి ఆ మాటలోనే యున్నది. పట్టణమునకు పోయినచో మారునందురా? అద్దెయింటికై పోయినవానిని ఇల్లుగలాయన మంచినీరిచ్చి, ఉద్యోగము నడిగి, "మీరేమిట్లండీ?" అని మెల్లగా అడుగును. బస్సులో ప్రక్క సీటువాడు ఇంటిపేరు విని, ఒక్క క్షణము లెక్కగట్టి, "అయితే మనవాళ్ళే!" అని సంతోషించును; లేదా ఏమియు అనక కిటికీవైపు తిరుగును. ఆదివారపు పత్రికలో వధూవరుల ప్రకటనలకు కులవారీ శీర్షికలుండును. కార్తీకమాసము వచ్చినదనిన, ఉసిరిచెట్టు క్రింద ఏ కులమువారి వనభోజనములు ఆ కులమువారివే. వాటికి పెద్ద గుడ్డలమీద పేర్లు వ్రాయించి కూడళ్ళలో కట్టుదురు. ఇన్ని నోళ్ళతో రాత్రింబవళ్ళు పలుకుచున్నదానిని మనము మౌనమందుము. ఆ పలుకునకు బదులుగా ఒక విద్యార్థి వేదికనెక్కి తన తల్లి ఆగిన చోటును చూపినచో, అది ఒక్కటియే 'కులము మాటాడుట' యగును. కనుక మౌనోపదేశము కులమును మౌనము చేయునది కాదు. కులమువలన దెబ్బతిన్నవానిని మాత్రమే మౌనము చేయునది. కొట్టినవాని కఱ్ఱకు చప్పుడులేదని చెప్పి, దెబ్బతిన్నవాని కేకవలననే ఊరు అల్లరియగుచున్నదని విసుగుకొనుటకును దీనికిని భేదమేమి?

చట్టము వచ్చినది గదా, ఇక మాటాడనేల యనువారు కొందరు. వారు 1927 సంవత్సరపు మహాడ్ చరిత్రను ఒకమారు నిదానముగా చదువవలెనని నా మనవి. బొంబాయి శాసనమండలి 1923లో, సర్కారు ధనముతో ఏర్పడిన చెరువులు, బావులు, సత్రములు అస్పృశ్యులకు కూడ తెరువబడవలెనని బోలేగారి తీర్మానమును ఆమోదించినది. దాని ననుసరించి 1924లో మహాడ్ పురపాలక సంఘము తన చవదార్ చెరువును అందరికిని తెరచినట్లు తీర్మానించినది. అనగా హక్కు కాగితముమీద సంపూర్ణముగా సిద్ధించినది; అల్లరి లేదు, ఊరేగింపు లేదు, ఎవరును ఎవరితోను వాదింపలేదు; మౌనవాదులు కోరు వాతావరణము అక్కడ మూడేండ్లు నిరాటంకముగా నుండెను. ఆ మూడేండ్లలో ఆ చెరువునీటిని ముట్టిన అస్పృశ్యుడు లేడు. పశువులు త్రాగుచునే యుండెను, పక్షులు త్రాగుచునే యుండెను. 1927 మార్చి 20న అంబేడ్కరు వేలమందిని వెంటగొని ఆ గట్టు దిగి, దోసిలితో నీరెత్తి త్రాగినప్పుడు గాని ఆ తీర్మానమునకు ప్రాణము రాలేదు.

ఆ తరువాత జరిగినది అంతకంటెను గమనింపదగినది. ఆనాడే సభకు వచ్చినవారిపై కఱ్ఱలతో దాడి జరిగినది. చెరువు మైలపడినదని పంచగవ్యములతో, నూటయెనిమిది కుండలతో శుద్ధి జరిపిరి. పురపాలక సంఘము తన తీర్మానమును తానే రద్దుచేసికొన్నది. వ్యవహారము న్యాయస్థానములకు ఎక్కి, 1937లో గాని బొంబాయి హైకోర్టు ఆ నీటిపై అందరి హక్కును స్థిరపరుపలేదు. దీనినిబట్టి, చూచితిరా, మాటాడుటవలన వైరము పెరిగినది గదా అని మౌనవాది యనవచ్చును. ఆ వైరము ఆనాడు పుట్టినది గాదు. చెరువును మూడేండ్లు కాపలా కాచినది అదియే. నీటిని ముట్టునంతవరకు దానికి లేచి నిలువవలసిన పని కలుగలేదు, అంతియే. నివురు తొలగించినవాని వలన నిప్పు పుట్టినదనుట ఎట్టి న్యాయము?

మన కాలమునకు వత్తము. రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. దానిని నేరముగా శిక్షించుటకు 1955లో ఒక చట్టము వచ్చినది. 1976లో దానిని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చిరి. 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధ చట్టము వచ్చినది. తెలుగునాట ప్రతినెలయు 30వ తేదీని పౌరహక్కుల దినముగా పాటింపవలెనను ఏర్పాటును కలదు. అట్టి దినమొకటి మా ఊరిలో జరుగగా నేను చూచితిని. పల్లెలో వేపచెట్టు క్రింద పది ప్లాస్టిక్ కుర్చీలు వేసిరి. తహసీల్దారుగారు, ఎస్సైగారు వచ్చిరి. 'ఈ గ్రామములో రెండు గ్లాసుల పద్ధతి ఉన్నదా?' అని అడిగిరి. కుర్చీలలో కూర్చున్న ఊరిపెద్దలు లేదనిరి. నేలమీద కూర్చున్నవారు ఏమియు అనలేదు. రిజిస్టరులో సంతకములు, వేలిముద్రలు తీసికొనిరి. అందరికిని మజ్జిగ ప్యాకెట్లు పంచిరి. గంటలో కార్యక్రమము ముగిసినది. ఆ రిజిస్టరు ఇప్పుడెక్కడనున్నను, అందులో మా ఊరిలో అస్పృశ్యత లేదని వ్రాసియుండును. మౌనము సాక్ష్యమైనప్పుడు చట్టము చేయగలిగినది అంతియే. చట్టమునకు కాళ్ళు లేవు; ఎవరో ఒకరు దానిని నడిపింపవలెను, నడిపించుటకు నోరు తెరువవలెను.

ఇక ఊళ్ళు ప్రశాంతముగా నుండగా ఉద్యమకారులు, విద్యార్థులు వచ్చి చిచ్చుపెట్టుదురను వాదము. మా ప్రాంతమున పుట్టినవాడు ఈ వాదమును వినునపుడు కారంచేడు తలపునకు రాకుండునా? 1985 జూలై 16న ఆ గ్రామములో మాదిగవారు త్రాగు చెరువు మెట్లమీద గేదెలకు కుడితి పెట్టిన బక్కెట్టును ఊరిలోనివారు కడుగుచుండగా ఒక మాదిగ యువకుడు అదేమని అడిగెను. నీళ్ళకు వచ్చిన ఒక స్త్రీ, తనపైకి లేచిన చేతికి అడ్డముగా తన బిందెను ఎత్తెను. మరునాడు ఉదయము వందలమంది మాదిగవాడపై బడిరి. ఆరుగురు హతులైరి, స్త్రీలు చెరచబడిరి, మిగిలినవారు పొలములకడ్డముపడి చీరాలకు పరుగెత్తిరి. నీవు త్రాగు నీటిలో కుడితి కడుగవచ్చునా యను ప్రశ్న యొకటి, ఒక బిందె: ఇంతమాత్రము మాటను భరింపలేకపోయిన దానిని మనము అంతవరకు ప్రశాంతి యని పిలుచుచుంటిమి. ఆ ప్రశాంతి యెవరి శ్రమమీద, ఎవరు నోరు మూసికొన్నందువలన నిలిచెనో ఆ ఒక్క ఉదయము తెలిపినది. జూలై 15న ఎవరైనను కారంచేడు పోయి చూచియున్నచో, ఇంత కలసిమెలసియున్న ఊరు లేదని చెప్పియుందురు.

చీరాలకు చేరినవారు అక్కడ మౌనముగా ఉండలేదు. శిబిరము వేసికొని, ఊరికి మరలిపోము, న్యాయము జరుగవలెనని పట్టుబట్టిరి. బొజ్జా తారకముగారు హైకోర్టులో తమ ప్రభుత్వ న్యాయవాది పదవిని విడిచి వచ్చిరి. కత్తి పద్మారావుగారు మొదలగువారితో కలిసి ఆ సంవత్సరమే దళిత మహాసభ ఏర్పడినది. 'దళిత' శబ్దము తెలుగునాట వాడుకలో స్థిరపడినది ఆ తరువాతనే. ఒక జాతి తన్ను తాను పిలుచుకొనుటకు ఒక పేరు సంపాదించుకొనుట మాటాడుటవలన గాక మరి దేనివలన జరుగును? కారంచేడు హత్యల వ్యాజ్యము సుప్రీముకోర్టులో తేలుటకు 2008 వచ్చినది. ఇరువదిమూడేండ్లు! మాటాడుచున్న వారికే ఇంత కాలము పట్టినది. మాటాడకున్నవారికి ఎంత పట్టునో లెక్కవేయువారెవరు?

చుండూరును గూర్చి ఎక్కువ వ్రాయలేను. వ్రాయుటకు చేయి రాదు. 1991లో సినిమాహాలులో ఒకరి కాలు మరియొకరికి తగులుటతో ఆరంభమైన తగవు, నెల తిరుగునప్పటికి, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యగా పరిణమించినది. శవములను గోనెసంచులలో కట్టి కాలువలో పడవేసిరి. బాధితులు తమ ఊరిలోనే విచారణ జరుగవలెనని పట్టుబట్టుటవలన ప్రత్యేక న్యాయస్థానము చుండూరునకే వచ్చినది. 2007లో అది ఇరువదియొక్కరికి యావజ్జీవ శిక్ష విధించినది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది. గెలుపోటముల మాట యటుంచుడు. ఒక న్యాయస్థానము, బల్లలతో, కాగితపు కట్టలతో, సాక్షులు కూలి మాని పట్టణమునకు పోనక్కరలేకుండ, నేరము జరిగిన ఊరికి తరలివచ్చుట తనంతట తాను జరిగినది కాదు. సంవత్సరములకొలదిగా అడిగిన ఆ వితంతువుల గొంతులు లేకున్న అది జరిగెడిది కాదు.

కాలమే మార్చునను మాటకు వచ్చునప్పటికి నాకు లెక్కలు జ్ఞప్తికి వచ్చుచున్నవి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన పంచమ మహాసభ కూడినది. తాము పంచములము గాము, ఈ నేలకు మొదటివారమని చెప్పి, ఆ సభ తన పేరును ఆది ఆంధ్ర సభగా మార్చుకొన్నది. అప్పటినుండి కారంచేడునకు అరువదియెనిమిది సంవత్సరములు. కాలము తన పని తాను చేయునది యైనచో, ఈ నడుమ రెండు తరములు పుట్టి గిట్టుట చాలదా? కాలము గోడను కూల్చదు. ఎవరును ముట్టనిచో గోడకు నాచు పట్టించి, అది పూర్వకాలపుదన్న గౌరవమును కూడ చేకూర్చును. ఈ నడుమ కదలిక యేదైన కలిగినచో, అది మాటాడినవారి వలననే కలిగినది. సంఘసంస్కర్త గోరాగారు సహపంక్తి భోజనములు జరిపించి, స్వయముగా తమ కుమార్తెను దళిత యువకునకిచ్చి వివాహము చేసిరి. సేవాగ్రామమున 1948లో జరిగిన ఆ పెండ్లి కాలము తెచ్చినది కాదు, ఒక తండ్రియు, ఒక కుమార్తెయు, ఒక వరుడును తెచ్చినది.

చదువు మార్చునందురు. ఏ చదువు? 17వ అధికరణము మా పాఠ్యపుస్తకములో రెండు మార్కుల ప్రశ్న. నేను దానికి రెండు మార్కులును తెచ్చుకొంటిని. ఆ సంవత్సరము సెలవులకు ఇంటికి పోయినపుడు చూరులోని గ్లాసును చూచితిని, ఏమియు తోపలేదు. చదువు ప్రశ్నగా మారనంతవరకు కంఠస్థమే. విద్యార్థులు ముందు చదువుకొని, ఉద్యోగము సంపాదించి, తరువాత సమాజమును ఉద్ధరింపవలెనను హితవునకు కూడ నా సమాధానము ఇదియే. ఉద్యోగము వచ్చిన తరువాత ఇల్లు, ఇల్లు వచ్చిన తరువాత పిల్లల చదువు, పిల్లల చదువు తరువాత సంబంధములు. ఆ సంబంధముల వేళకు మనము కూడ ఆదివారపు పత్రికలో మన శీర్షికను వెదకుచుందుము. మొహమాటములు ముదురకముందే అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి.

మాటాడుటలో దోషము లేకపోలేదని నేనంగీకరింతును. ఎన్నికలు వచ్చినపుడు కులసంఘములను కూడగట్టి, తలలు లెక్కించి, బేరములాడువారు కలరు. తమ కులపువాడు తప్పుచేసినను మనవాడని వెనుకవేసికొని వచ్చువారు కలరు. అది కులగర్వపు భాష. దానిని ఎంత తగ్గించిన అంత మేలు. కులమువలన తగిలిన దెబ్బను చెప్పుకొనుట వేరు భాష. ఈ రెండింటికిని ఒకే పేరుపెట్టి, రెండింటిని ఒకే గాట కట్టి, రెండును వలదనువారు నిష్పక్షపాతులమని అనుకొందురు. కాని వనభోజనములను ఎవరును ఆపలేదు. ఆపివేయబడినది వక్తృత్వపు పోటీలో నా స్నేహితుని మాట మాత్రమే.

సంక్రాంతి సెలవులలో జరిగినదొకటి చెప్పి ముగింతును. మా ఊరి బస్సుస్టాపువద్ద టీకొట్టు కలదు. ఒకప్పుడు అక్కడ పల్లెవారికి వేరు గ్లాసులు మేకునకు వ్రేలాడుచుండెడివి. ఇప్పుడవి లేవు, కాగితపు కప్పులు వచ్చినవి. చూచితివా, ఎవరును గొడవపడకుండనే రెండు గ్లాసుల పద్ధతి పోయినది గదా యని మా బాబాయి నాతో అనెను. నేను నాలుగు దినములు ప్రొద్దుననే పోయి కూర్చుండి చూచితిని. లోపల బల్లమీద కూర్చున్నవారికి స్టీలు గ్లాసులో టీ; బయట రాళ్ళమీద కూర్చున్నవారికి కాగితపు కప్పులో. లోపల కూర్చున్నవారెవరో, బయట కూర్చున్నవారెవరో ఊరిలో పుట్టినవానికి చెప్పనక్కరలేదు. కొట్టులో ఎవరును ఎవరిని లోపలికి రావలదనుట నేను వినలేదు. నడుమ గీతయు లేదు. కప్పు త్రాగి పారవేయునది గనుక కడుగుట, మేకునకు తగిలించుట యను పనులు మాత్రము తప్పినవి.

అయిదవనాడు మేము తొమ్మిదిమందిమి, ఇరువీధులవారమును కలిసి, లోపలికి పోయి బల్లలమీద కూర్చుంటిమి. నా స్నేహితుడును ఆనాడు పండుగకు మా ఊరు వచ్చియుండెను. కొట్టుయజమాని బీదవాడు. అతడు పొయ్యి విడిచి వచ్చి నా చెవిలో, "బాబూ, నాకేం పట్టింపు లేదయ్యా. పెద్దోళ్ళు రాటం మానేత్తే నా కొట్టు మూతబడుద్ది" అనెను. అతనితో వాదింపలేదు. తొమ్మిది స్టీలు గ్లాసులలో టీ అడిగితిమి. అతడు చాలసేపు మావైపు చూచి, గ్లాసులు కడిగి తెచ్చి పెట్టెను. అప్పుడే లోపలనున్న నలుగురు పెద్దమనుష్యులు డబ్బులు బల్లమీద పెట్టి లేచిపోయిరి. అందులో మా బాబాయి యొకడు. ఒక వారము వారెవరును ఆ కొట్టునకు రాలేదు. మేము దినమును పోయి కూర్చుంటిమి. మాకు తెలిసినవారినందరిని తీసికొనిపోయితిమి. అతనికి నష్టము రాకుండుటకు అక్కరలేని టీలు కూడ త్రాగితిమి. రెండవ వారమున ఇద్దరు తిరిగి వచ్చిరి. ఇంకను ఇద్దరు రాలేదు. ఇంటిలో రెండు రాత్రులు నాతో ఎవరును మాటాడలేదు. మా నాయనమ్మ ఒక్కతెయే అన్నము వడ్డించుచు, "ఎందుకురా నాయనా, లేనిపోని గొడవలు?" అనెను. ఆమెకు చూరును చూపితిని. ఆమె చాలసేపు ఆ గ్లాసువైపు చూచి, ఏమియు అనక లోపలికి పోయినది.

సెలవులు ముగిసి నేను బయలుదేరు దినమున ఆ వృద్ధులు మా పెరటిలో కొబ్బరిమట్టలు ప్రోగుచేయుచుండిరి. ఇప్పుడు వారికి డెబ్బదియైదు దాటినవి, వీపు వంగినది. వెళ్ళివత్తునని చెప్పుటకు పోయి, వెనుకనుండి "తాతా!" అని పిలిచితిని. వారు తిరుగలేదు. మట్టలు కట్ట కట్టుచునే యుండిరి. వినబడలేదేమోయని దగ్గరకు పోయి మరల పిలిచితిని. వారు తలయెత్తి, నన్ను చూచి, నావెనుక మరియెవరైన ఉన్నారేమోయని గుమ్మమువైపు చూచి, "తాతయ్యగారు పొలమెళ్ళారు అబ్బాయిగారూ" అనిరి.

"నిన్నే తాతా పిలిచింది" అంటిని.